ఎనభై డాలర్ల పాసు చెల్లని చోటు

గ్లేషియర్ పార్కు బాగుంది, పార్కింగు దొరకలేదు. దాని గురించి ఇంతకన్నా రాయను. అమెరికాలో మోంటానా రాష్ట్రానికి వెళ్లే మనవాళ్లు దాన్ని మాత్రమే చూసి తిరిగొచ్చేస్తున్నారు కాబట్టి, మిజూలా నగరానికి ఉత్తరాన గంట ప్రయాణంలో, మొయీస్ దగ్గర బైసన్లను (అమెరికా అడవిదున్నలను) కాపాడుతున్న బైసన్ రేంజ్ గురించి చెప్పాలి. అంతకుముందు రాత్రి మమ్మల్ని దోచుకున్న మోటెల్ గురించి కూడా.

గది 189 డాలర్లని చూసి బుక్ చేశాం. తీరా కౌంటర్ దగ్గర 'సౌకర్యాల రుసుము' అంటూ ఇంకో 25 పిండారు. ఆ సౌకర్యాలేమిటంటే, తాళం వేసిన ఈతకొలను, ఏడున్నరకల్లా ఖాళీ అయిన టిఫిన్ బల్ల. ఏసీ రాత్రంతా మూలుగుతూనే ఉంది. అత్తయ్య తువ్వాలు అడిగితే, పొద్దున రమ్మన్నారు! మా బావగారు గట్టిగా నిలదీస్తే, షరతులన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయని కౌంటర్ అబ్బాయి తలెత్తకుండానే జవాబిచ్చాడు.

ఆ కోపమంతా మర్నాడు బైసన్ రేంజ్ దాకా మాతోనే వచ్చింది. అక్కడ జాతీయ పార్కుల వార్షిక పాసు చెల్లదు, టికెట్టు విడిగా కొనాలి. "ఎనభై డాలర్లు పోసి కొన్నది ఎందుకు మరి?" అని బావగారు మళ్లీ అందుకున్నారు. నేను మాత్రం అక్కడి వాళ్ల పక్షమే. ఈ చోటు ఇప్పుడు ఫెడరల్ ప్రభుత్వం నడిపే పార్కు కాదు, అక్కడి ఆదివాసులైన సేలిష్, కుటెనై తెగలది.

లోపలున్న ప్రదర్శనశాలను దాటేసి నేరుగా కొండెక్కకండి. 1870లలో, మైదానాల్లో బైసన్లను ఎడాపెడా వేటాడుతున్న కాలంలో, లతాతి అనే యువకుడు కొన్ని దూడలను కొండలు దాటించి ఈ లోయకు తెచ్చాడు. ఆ మందను తర్వాత మిషెల్ పాబ్లో, చార్లెస్ అల్లార్డ్ అనే పశుపోషకులు కొని వందల సంఖ్యకు పెంచారు. అంతలో రిజర్వేషన్ భూములను, అంటే తెగలకని ఉంచిన నేలను, బయటివాళ్లకు పంచడానికి 1904 చట్టం దారి తీసింది. ఇక మేపడానికి చోటు ఉండదని పాబ్లో తన మందను కెనడాకు అమ్ముకున్నాడు. ఇక 1908లో ప్రభుత్వం చేసిన పని చూడండి: బైసన్లను కాపాడాలంటూ అదే రిజర్వేషన్‌లో దాదాపు 18,800 ఎకరాలను తెగల అంగీకారం లేకుండా తీసుకుంది. అది రాజ్యాంగ విరుద్ధమని 1971లో కోర్టు తేల్చింది. అయినా నేల తిరిగి రావడానికి 2020 డిసెంబరు నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. 2022 నుంచి నిర్వహణ పూర్తిగా తెగలదే.

ఇదంతా విని అత్తయ్య, "మా ఆత్మకూరు వైపు చెంచులు పులుల కాపలాకు జీతానికి వెళ్తారు. అడవి మీద పెత్తనం మాత్రం ఫారెస్టు వాళ్లది" అన్నారు. బావగారు పాసు మాట మళ్లీ ఎత్తలేదు.

రెడ్ స్లీప్ కొండదారి 19 మైళ్లు, ఒకవైపే వెళ్లాలి. రెండు గంటలు పడుతుందంటారు, మాకు మూడు పట్టింది. జూలై చివర్లో వెళ్లాం. అది వాటి జతకట్టే కాలం. మగవి దుమ్ములో పొర్లుతూ, లోతుగా గుర్రుమంటూ, కారు అద్దం దించితే ఒళ్లు జలదరించేలా తిరుగుతున్నాయి. ఒకటి దారికి అడ్డంగా ఇరవై నిమిషాలు నిలబడింది. వెనక కారతను హారన్ కొట్టాడు, సిగ్గులేదు. కారు దిగి ఫొటోలు తీద్దామన్న ఆలోచన మీరు కూడా మానుకోండి.

తిరుగుదారిలో రోడ్డు పక్క బండి దగ్గర ఫ్రై బ్రెడ్ తిన్నాం. ఒకటి 6 డాలర్లు. మన పూరీని మందంగా, మెత్తగా చేసినట్టుంది. హకల్‌బెర్రీ అనే అడవి పండ్ల జామ్ పూసి ఇచ్చారు. అప్పటిదాకా పులిహోర డబ్బా వదలని అత్తయ్య రెండోది అడిగారు.

వేసవిలో వెళ్తే పొద్దున్నే కొండెక్కండి, మధ్యాహ్నం జంతువులన్నీ నీడ పట్టున చేరతాయి. పెట్రోలు ముందే నింపుకోండి. ఏ రోజుల్లో తెరుస్తారో వెళ్లేముందు చూసుకోండి. రాత్రికి మిజూలాలో ఉండండి, గది తీసుకునే ముందు రుసుములన్నీ కలిపి ఎంతో అడగండి. ఆ 25 డాలర్ల గురించి క్రెడిట్ కార్డు వాళ్లకు ఫిర్యాదు చేశాను, ఇంకా జవాబు రాలేదు.