సేబిన్ బ్లిట్జ్: ఎంపీ అక్కర్లేదు, వేళ్లు సాగితే చాలు

ఫైనల్ ఫాంటసీ 6 అనే వీడియో గేమ్‌లో ఆడించుకునే పాత్రలు 14. వాళ్లలో ఫిగారో రాజు ఎడ్గర్‌కి కవల తమ్ముడు సేబిన్. రాజ్యం వదిలేసి కొండల్లో డంకన్ అనే గురువు దగ్గర కుస్తీ నేర్చుకున్నవాడు. అతని విద్య పేరు బ్లిట్జ్. ఇందులో ఎనిమిది దెబ్బలున్నాయి, ఒక్కదానికీ ఎంపీ (మాయలకు ఖర్చయ్యే శక్తి) ఖర్చు కాదు. మెనూలో పేరు ఎంచుకుంటే సరిపోదు, ఆ దెబ్బకు రాసిపెట్టిన బటన్ల వరసను మీరే నొక్కాలి. 1994 నాటి ఆటలో పెట్టిన ఈ ఒక్క ఏర్పాటు వల్ల సేబిన్ వంతు వచ్చిన ప్రతిసారీ ఆడేవాడి చేతికి పని పడుతుంది. ఈ సిరీస్‌లోని కుస్తీ విద్యలన్నిటిలో నా మొదటి ఓటు దీనికే.

ముందు నొక్కే పద్ధతి. ఇక్కడ చెప్పేవి సూపర్ నింటెండో గేమ్ యంత్రం బటన్లు. ఆటలో బ్లిట్జ్ మొదట అవసరమయ్యేది మౌంట్ కోల్ట్స్ మీద, డంకన్ కొడుకు వర్గస్‌తో పోరులో. వర్గస్ వేసిన దెబ్బతో సేబిన్ నెత్తిన చావు లెక్క మొదలవుతుంది. అది సున్నాకు వచ్చేలోపు పమెల్ అనే మొదటి బ్లిట్జ్ దెబ్బ పడాలి. బ్లిట్జ్ ఎంచుకుని ఎడమ, కుడి, ఎడమ, చివర 'ఏ' (A) బటన్ నొక్కాలి. అది సరిగ్గా పడితే పోరు అక్కడితో అయిపోతుంది. చాలామంది తడబడేది ఇక్కడే, కారణం తొందర. ఇది స్ట్రీట్ ఫైటర్ లాంటి పోరాట ఆట కాదు, వేగం అక్కర్లేదు. ఒక్కో దిక్కూ విడివిడిగా, స్పష్టంగా నొక్కి ఆఖర్న ఏ నొక్కితే చాలు. వరస తప్పితే తప్పుగా నొక్కారని తెర మీద వస్తుంది, ఆ వంతు వృథా. ఏ దెబ్బకు ఏ వరసో మెనూలోని స్కిల్స్ పేజీలో ఎప్పుడూ కనిపిస్తుంది.

పోరాట ఆటల అలవాటు ఇంకోచోట కూడా దెబ్బ తీస్తుంది. 6వ లెవెల్‌లో వచ్చే ఆరా బోల్ట్ వరస కింద, కింద-ఎడమ మూల, ఎడమ, ఏ. స్ట్రీట్ ఫైటర్‌లోని హడోకెన్ దెబ్బకి అలవాటు పడ్డ బొటనవేలు తెలియకుండానే కుడివైపు జారుతుంది. 15వ లెవెల్ ఫైర్ డాన్స్ దీనికి ఎదురు తిరుగుతుంది: ఎడమ నుంచి మొదలై కింది అర్ధచక్రం మీదుగా కుడికి చేరి, ఏ. ఆరా ఎడమ దగ్గర ఆగుతుంది, ఫైర్ డాన్స్ ఎడమ దగ్గర మొదలవుతుంది. ఈ ఒక్కటి గుర్తుంటే రెండూ కలగాపులగం కావు.

ఇక సూప్లెక్స్. కొత్త అనువాదాల్లో దీని పేరు మీటియర్ స్ట్రైక్. 10వ లెవెల్‌లో వస్తుంది. వరస ఎక్స్, వై, కింద, పైకి, ఏ. శత్రువుని ఒడిసి పట్టుకుని సేబిన్ ఆకాశంలోకి ఎగురుతాడు, తలకిందులుగా తెచ్చి నేలకు కుదేస్తాడు. కుస్తీ గోదాలో చూసే ఎత్తి కుదేసే పట్టు ఇదే, కాకపోతే ఇక్కడ గోదాకి పైకప్పు లేదు. ప్రతి శత్రువు మీదా ఇది పనిచేయదు. కొందరిని లేపలేని బరువుగా ఆట ముందే నిర్ణయించి పెట్టింది, వాళ్ల మీద వేస్తే వంతు పోయినట్టే. చిత్రమేమిటంటే ఆ లేపలేనివాళ్ల జాబితాలో దయ్యాల రైలు లేదు. 1,900 హెచ్‌పీ (ప్రాణశక్తి) ఉన్న ఆ రైలు ఆవిరి ఇంజిన్‌ని సేబిన్ రెండు చేతులతో ఎత్తి తిరగేస్తాడు. చచ్చినవాళ్ల ఆత్మలను మోసుకుపోయే రైలది, కథలో బరువైన ఘట్టం. సరిగ్గా అక్కడ ఈ పట్టు పడటం వల్లనే ముప్పై ఏళ్లయినా ఆటగాళ్లు దాన్ని మర్చిపోలేదు.

లెక్క ప్రకారం చూస్తే అక్కడ సూప్లెక్స్ మంచి ఎంపిక కాదు. రైలు దయ్యాల జాతి కాబట్టి పవిత్ర శక్తితో కొట్టే ఆరా బోల్ట్ ఎక్కువ నష్టం చేస్తుంది. పడిపోయిన జట్టువాళ్లను లేపే ఫీనిక్స్ డౌన్ ఒక్కటి దాని మీద విసిరితే పోరు వెంటనే ముగిసిపోతుంది కూడా. అయినా మొదటిసారి ఆడేవాళ్లు 10వ లెవెల్‌కి చేరాకే ఇంజిన్ దగ్గరికి వెళ్లండి, ఒక్కసారైనా సూప్లెక్స్ వేయండి. తెర మీద ఆ రైలు పల్టీ కొట్టడం చూడకుండా ఈ ఘట్టం దాటిపోవడం పెద్ద లోటు. 2022లో ఈ ఆటకి పిక్సెల్ రీమాస్టర్ అనే కొత్త ప్రతి వచ్చిన కొత్తలో రైలు పాత ఆటలోలా తిరగబడలేదు. అభిమానులు పట్టుబట్టారు, తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు. ఆ పల్టీ వాళ్లకు ఎంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

తర్వాత వచ్చేవాటిలో 23వ లెవెల్ మంత్ర మన చెవికి బాగా తెలిసిన మాట. కొత్త అనువాదంలో చక్ర అన్నారు, అదీ మనదే. ఆర్, ఎల్, ఆర్, ఎల్, ఎక్స్, వై, ఏ. ఇది జట్టులో మిగతావాళ్లకు హెచ్‌పీ ఇస్తుంది, సేబిన్‌కి మాత్రం ఇవ్వదు. ఎంత ఇస్తుందనేది అతని హెచ్‌పీని బట్టి ఉంటుంది, అందుకే అతను నిండుగా ఉన్నప్పుడే వాడాలి. 42వ లెవెల్ స్పైరలర్‌తో జాగ్రత్త. దాని వరస కూడా ఆర్, ఎల్ అనే మొదలవుతుంది: ఆర్, ఎల్, ఎక్స్, వై, కుడి, ఎడమ, ఏ. ఇది మిగిలిన ముగ్గురినీ పూర్తిగా కోలుకునేలా చేసి, సేబిన్‌ని ఆ పోరు నుంచి తప్పిస్తుంది. ఇంకే దారీ లేనప్పుడు తప్ప దీని జోలికి పోనక్కర్లేదు.

30వ లెవెల్‌లో వచ్చే ఎయిర్ బ్లేడ్ గాలి దెబ్బ, ఫైర్ డాన్స్‌లాగే శత్రువులందరికీ తగులుతుంది. పై దిక్కు నుంచి కుడి, కింద మీదుగా ఎడమ వరకు ముప్పావు చుట్టు, ఆపై ఏ. ఫైర్ డాన్స్ పనికిరానిచోట దీన్ని వాడాలి. నిప్పును పీల్చుకునే జీవుల మీద ఫైర్ డాన్స్ వేస్తే వాటికే ప్రాణం పోసినట్టవుతుంది.

చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కండలు చూసి సేబిన్‌ని బలం మీద పెంచుతారు. అతని వైగర్ (బలం) 47, మ్యాజిక్ (మాయశక్తి) 28 కాబట్టి అది సహజంగానే తోస్తుంది. కానీ వైగర్ మీద ఆధారపడేవి పమెల్, సూప్లెక్స్ మాత్రమే. ఆరా బోల్ట్, ఫైర్ డాన్స్, ఎయిర్ బ్లేడ్, ఆఖరి బమ్ రష్, ఈ నాలుగూ మ్యాజిక్ లెక్కతోనే కొడతాయి. ఆట రెండో సగంలో వాడేది దాదాపు ఇవే. కాబట్టి ఎస్పర్లు (పాత్రలకు తగిలించే మాయజీవులు) చేతికి వచ్చాక సేబిన్‌కి లెవెల్ పెరిగే ప్రతిసారీ మ్యాజిక్ 2 పెంచే జోన్‌సీక్ తగిలించండి. జిడూర్ ఊరి వేలంలో ఆటలోని డబ్బు 10,000కి దొరుకుతుంది. లెవెల్ పెరిగే క్షణంలో ఎస్పర్ తగిలించి ఉంటేనే ఆ 2 వస్తాయి. ముందో వెనకో తగిలిస్తే లాభం లేదు. రెలిక్ (అదనపు ఆభరణాలు) చోట్లలో మాయ దెబ్బను పావు వంతు పెంచే ఇయర్‌రింగ్‌లు రెండు పెట్టొచ్చు. ఖరీదైన పంజాల మీద డబ్బు పోయకండి. పంజా పదును మామూలు దెబ్బకు పనికొస్తుంది కానీ బ్లిట్జ్‌కి కలవదు. బ్లిట్జ్ వెనక వరస నుంచి వేసినా తగ్గదు కాబట్టి సేబిన్‌ని వెనక నిలబెడితే తనకు తగిలే దెబ్బలూ తగ్గుతాయి.

లోపాలు లేకపోలేదు. పమెల్, సూప్లెక్స్ లాంటి ఒంటి దెబ్బలకు ఎవరిని కొట్టాలో మీరు ఎంచుకోలేరు. నలుగురు శత్రువుల్లో చావుకు దగ్గరగా ఉన్నవాణ్ణి ముగిద్దామంటే దెబ్బ పక్కవాడికి పోవచ్చు. గుంపుంటే ఫైర్ డాన్స్ లేదా ఎయిర్ బ్లేడ్, ఒక్కడుంటే ఒంటి దెబ్బ అన్నది దీనికి మార్గం. 42వ లెవెల్ దాటాక మూడోవంతు విద్యకి పనుండదు, పమెల్‌ని ఇక తాకనే తాకరు. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 టిఫా అనే పాత్రకి ఇలాంటి పట్లే ఇచ్చింది, ఆమె మీటియోడ్రైవ్ అచ్చం ఈ ఎత్తి కుదేసే పట్టే. కానీ అక్కడ తిరిగే చక్రాలను ఆపాలి, ఒక చక్రం మీద మిస్ పడితే ఆ దెబ్బ పోతుంది. పైగా దెబ్బలు తింటూ ఉంటే నిండే లిమిట్ గడి నిండేదాకా ఆగాలి. సేబిన్ ప్రతి వంతులోనూ పట్టు వేస్తాడు. నేర్చుకున్న చేతికి నికరమైన ఫలితం ఇచ్చే పద్ధతి ఇదే.

ఏ ప్రతి కొనాలంటే, ఇప్పుడు పిక్సెల్ రీమాస్టరే తేలిగ్గా దొరుకుతుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి ఎక్స్, వై బటన్లే లేవు కాబట్టి ఆ ప్రతిలో వరసలు కొన్ని మారాయి. అందుకే ఏ ప్రతి ఆడినా పాత గైడ్ పట్టుకోకుండా స్కిల్స్ పేజీ చూసుకోండి. కంప్యూటర్ మీద ఆడేవాళ్లు కంట్రోలర్ పెట్టుకోవడం మంచిది. కీబోర్డు మీద మూల దిక్కుకి రెండు కీలు కలిపి నొక్కాలి, చుట్టు దెబ్బలకు అది ఇబ్బంది.

ఆ చుట్టు దెబ్బల్లో పెద్దది బమ్ రష్. కథలో లోకం నాశనమయ్యాక నార్షే ఊరికి ఈశాన్యంగా శిలువ ఆకారంలో ఐదు చెట్లుంటాయి. వాటి మధ్య గుడిసెలో డంకన్ బతికే ఉంటాడు. సేబిన్‌ని జట్టులో పెట్టుకుని వెళితే నేర్పుతాడు. గడియారం తిరిగే వైపు పూర్తి చుట్టు: ఎడమతో మొదలై పైకి, కుడి, కింద మీదుగా, మూలలు కలుపుకుంటూ మళ్లీ ఎడమ దాకా, ఆపై ఏ. ఎక్కువమందికి తప్పేది చివర్లోనే. కింద-ఎడమ మూల దగ్గర చుట్టు అయిపోయిందనుకుని ఏ నొక్కేస్తారు. బొటనవేలు మళ్లీ ఎడమని తాకాలి, ఆ తర్వాతే ఏ.