బాల్టిమోర్‌లో కారు లేకుండా నెగ్గుకు రావచ్చు: హాప్కిన్స్ షటిల్‌కి ఐదుకి ఐదు

జాన్స్ హాప్కిన్స్ ప్రజారోగ్య విభాగానికి ఫెలోషిప్ మీద వస్తున్న మనవాళ్లందరూ మొదట అడిగేది కారు గురించే. తొందరపడి కొనకండి. హోమ్‌వుడ్ క్యాంపస్ నుంచి ఈస్ట్ బాల్టిమోర్ మెడికల్ క్యాంపస్‌కి నడిచే జేహెచ్ఎంఐ (జాన్స్ హాప్కిన్స్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్స్) షటిల్ బస్సు మనకి ఉచితం, యూనివర్సిటీ ఐడీ కార్డు ఉంటే చాలు. దారిలో పెన్ స్టేషన్ అనే రైల్వే స్టేషన్ దగ్గరా, మౌంట్ వెర్నన్ పేటలో హాప్కిన్స్ వాళ్ల సంగీత కళాశాల పీబాడీ దగ్గరా ఆగుతుంది. ఇల్లు వెతికేటప్పుడు అద్దె కంటే ముందు ఈ స్టాపులు చూసుకోండి. నేను మౌంట్ వెర్నన్‌లోనే తీసుకున్నాను.

పొద్దున బస్సు నిండా ల్యాబ్ వాళ్లు, నర్సులు. కొత్తలో దిగాక ఎటు వెళ్లాలో తెలియక దిక్కులు చూస్తుంటే, పక్క సీట్లో కూర్చుని వచ్చిన నర్సమ్మ డ్యూటీకి టైమవుతున్నా నాతోపాటు వోల్ఫ్ స్ట్రీట్‌లో మా బిల్డింగ్ గుమ్మం దాకా నడిచొచ్చింది. ఊరు కాని ఊళ్లో అంతకంటే ఏం కావాలి!

ఇంటి విషయంలోనే టెన్షన్. ఒక అద్దె ఆఫీసువాళ్లు సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ హిస్టరీ లేవని మొహం మీదే తలుపేశారు. స్టైపెండ్ ఎంతో రాసి ఉన్న ఫెలోషిప్ లెటరూ, డీఎస్-2019 (జే-1 వీసా కోసం ఇచ్చే పత్రం) కాపీలూ చేతిలో పెట్టుకుని తిరగండి, రెండోచోట నాకు అవే పనికొచ్చాయి.

సెలవురోజు హార్బర్ వైపు వెళ్లాలంటే చార్మ్ సిటీ సర్క్యులేటర్ బస్సుంది, అదీ ఉచితమే. కందిపప్పు, చింతపండు లాంటి మన సరుకులకి మాత్రం శివార్లలో కారున్న స్నేహితులే దిక్కు. డిసెంబరులో ఐదు కాకముందే పొద్దుగూకుతుంది. స్టాపులో నిలబడటానికి మందపాటి కోటు ముందే కొనుక్కోండి.