ఆరేళ్లుగా బస్సు, మెట్రో: కారున్నవాడి సమీక్ష

ముందే చెప్తున్నా, నేను కారు అమ్మలేదు. ఆఫీసుకి మాత్రం ఆరేళ్లుగా బస్సు, మెట్రోల్లోనే తిరుగుతున్నా. డబ్బు మిగులుతుందనా అని అందరూ అడుగుతారు, కాదు. కారంటూ ఉన్నాక ఇన్సూరెన్స్ ఎలాగూ కట్టాలి, రోజూ కంటికి కనిపించేది పెట్రోలు ఖర్చొక్కటే, దాని పక్కన పెడితే టికెట్ అంత చవగ్గా ఏమీ అనిపించదు. లక్సెంబర్గ్‌లో 2020లో రైళ్ల ఫస్ట్ క్లాస్ తప్ప దేశమంతా ప్రయాణం ఉచితం చేశారు, అయినా రోడ్ల మీద కార్ల రద్దీ పోలేదు.

నన్ను కారు దింపింది పార్కింగ్. ఆఫీసులో ఉచిత పార్కింగ్ తీసేశాక పొద్దున్నే ఖాళీ కోసం చుట్టుపక్కల వీధులన్నీ తిరగలేక విసుగొచ్చింది.

మళ్లీ కారెక్కకుండా ఆపింది మాత్రం మెట్రో. మొదట్లో ఎక్కిన బస్సు అరగంటకొకటి. కళ్ల ముందే వెళ్లిపోయిందంటే ఆ రోజంతా టెన్షనే. తర్వాత అయిదు నిమిషాలకొకటి వచ్చే మెట్రోకి మారాను. అంటే సగటున రెండున్నర నిమిషాల ఎదురుచూపు, టైమ్‌టేబుల్ చూడటమే మానేశాను.

బస్సుల్లో నాకు ఒళ్లుమండే విషయం, ఎంతసేపటికీ రాకుండా ఒకేసారి రెండు రావడం. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే ప్రతి స్టాపులో జనం ఎక్కువుంటారు, ఎక్కించుకునేసరికి ఇంకా ఆలస్యం, వెనక బస్సుకేమో జనం తక్కువ, అది వచ్చి దీని తోకపట్టుకుంటుంది. ముందుదానికి వేలాడుతూ ఎక్కి, వెనకదాంట్లో ఖాళీ సీట్లు చూస్తూ ఎన్నిసార్లు వెళ్లానో! పదినిమిషాలకొకటి అని బోర్డు మీద రాసి ఏం లాభం?

బస్సు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ అయిదు నిమిషాలు, నాకైతే కూర్చుని వెళ్లే పది నిమిషాలతో సమానం. స్టాపులో ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపించే బోర్డు పెట్టాక బస్సు వేగమేమీ పెరగలేదు, నా చిరాకు మాత్రం తగ్గింది. మధ్యలో మారాల్సి వస్తే ఇంకో దండగ, అందుకే పావుగంట ఎక్కువైనా నేరుగా వెళ్లేదే ఎక్కుతా.

లాభమా? ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు లాగేది, అది పోయింది. కిటికీ సీటు దొరికితే కునుకు కూడా.

అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, రాత్రి ఆఖరి బస్సు దాటిపోయేంత పనున్నా ఇప్పటికీ కారే. నెలకి రెండు మూడుసార్లు. మొన్న తీద్దామని వెళ్తే బ్యాటరీ డౌన్.