కోచింగూ రేసూ ఒకరి చేతిలోనే ఉన్న ట్రైల్ అల్ట్రాకు డబ్బు కట్టబోయేవారికి హెచ్చరిక

ఎవరి గురించి రాస్తున్నానో హైదరాబాదు రన్నింగ్ గ్రూపుల్లో ఉన్నవారికి పేరు చెప్పకుండానే తెలుస్తుంది. వారాంతాల్లో శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణ తీసుకున్నవారినే తూర్పు కనుమల్లో తాము జరిపే 50 కిలోమీటర్ల ట్రైల్ అల్ట్రాలో, అంటే మారథాన్‌ను మించిన దూరం కొండదారుల్లో పరిగెత్తే రేసులో, చేర్పించే సంస్థ అది. రెండింటి రుసుమూ ముందే కలిపి కట్టించుకున్నారు. శిక్షణంతా చదునైన తారు రోడ్ల మీదే సాగింది. గుట్ట దిగేటప్పుడు తొడ కండరాల మీద పడే భారానికి కాళ్లను సిద్ధం చేసే పరుగు ఒక్కటీ పెట్టలేదు. అది వదిలేస్తాను, అసలు సంగతి వేరే ఉంది.

34వ కిలోమీటరు దగ్గర ఎయిడ్ స్టేషన్ ఉంటుందని, అక్కడ నీళ్లు, ఓఆర్‌ఎస్, అరటిపండ్లతో పాటు ప్రథమ చికిత్స తెలిసిన మనిషి కూడా ఉంటారని ముందు రోజు బ్రీఫింగులో స్పష్టంగా చెప్పారు. మేము చేరేసరికి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఖాళీ క్యాన్లు, ఒక బల్ల, ఆ ఊరి కుర్రాళ్లిద్దరు ఉన్నారు. నీళ్ల వ్యాను 21 కిలోమీటర్ల రేసు ఫినిష్ దగ్గరికి వెళ్లిపోయిందని, మళ్లీ వస్తుందో రాదో తమకెవరూ చెప్పలేదని వాళ్లన్నారు. నాతో పాటు వచ్చిన పెద్దాయన అప్పటికే వాంతులు చేసుకుంటూ, అడిగినదానికి పొంతన లేని జవాబులు చెబుతున్నారు. గంటల తరబడి ఎండలో పరిగెత్తినవారి మాట అలా తప్పిపోతే అది వడదెబ్బ కావచ్చు, ఉత్త నీళ్లు అతిగా తాగినందువల్ల రక్తంలో సోడియం పడిపోవడమూ కావచ్చు. రెండూ ప్రాణం తీయగలవు, రెండింటికీ చికిత్స ఒకటి కాదు. తెలిసిన మనిషి అక్కడ ఉండి తీరాలనేది అందుకే.

సిగ్నల్ దొరికే దాకా గుట్ట పైకి ఎక్కి కోచ్‌కు ఫోన్ చేసి, ఆయన పరిస్థితి బాగాలేదు, బండి పంపండి సార్ అని బతిమాలాను. "కటాఫ్ టైము దాటిపోయింది, ఇప్పుడు మీరు రేసులో లేరు. అయినా ఏం జరిగినా బాధ్యత మీదేనని ఫారం మీద సంతకం పెట్టారు గదండీ, చదవలేదా?" అని ఆయన ఫోన్ పెట్టేశారు. నెలల తరబడి తెల్లవారుజామున మా పక్కన నిలబడి, ఎవరి మోకాలు ఎక్కడ నొప్పి పెడుతోందో అడిగి తెలుసుకున్న మనిషి, మాలో ఒకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసింది సంతకం గుర్తు చేయడం. ఆ కుర్రాళ్లే పెద్దాయనను తమ మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చారు. వాళ్ల పుణ్యాన ఆయన కోలుకున్నారు. సాయంత్రానికి, రన్నర్లందరూ క్షేమంగా రేసు ముగించారంటూ ఫొటోలు వచ్చాయి. ఇదేమిటని అడిగితే నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన 100 కిలోమీటర్ల కొండ రేసులో వాతావరణం ఉన్నట్టుండి మారి 21 మంది రన్నర్లు చనిపోయారు. అక్కడ చలి చంపింది, మన కొండల్లో ఎండ చంపగలదు. ఆల్ప్స్ పర్వతాల్లో జరిగే యూటీఎంబీ అనే పేరున్న ట్రైల్ రేసులో విజిల్, ఒంటి వేడిని కాపాడే సర్వైవల్ దుప్పటి, కనీసం లీటరు నీరు పట్టే సీసాలు లేనివారిని పరిగెత్తనివ్వరు. మా నిర్వాహకులేమో బరువు దండగ, బ్యాగులు వద్దన్నారు.

డబ్బు కట్టే ముందు అటవీ శాఖ అనుమతి పత్రం, ఎయిడ్ స్టేషన్ల మధ్య దూరాలు, అంబులెన్స్ నిలిపే చోటు, చివరి రన్నర్ వెనక వచ్చే స్వీపర్ ఎవరన్నది రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే మోసపోయినవారు 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, 5 లక్షల రూపాయల లోపు చెల్లింపులకు రుసుము లేదు. బ్రీఫింగ్ మెసేజీలు, పెద్దాయన ఆసుపత్రి చీటీ నా దగ్గర ఉన్నాయి. ఆ రేసులో పాల్గొన్నవారెవరైనా ఫిర్యాదులో కలుస్తామంటే నాకు తెలియజేయండి.