అమెరికా పెట్టెకు అడ్డదారి వెతకడమా, ఇక్కడి పెట్టె కొనుక్కోవడమా: గోదావరి ఇంటికి ఏది మేలు?

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు సూట్‌కేసుల నిండా పచ్చళ్లు, పూతరేకులు సర్దుకుంటారు గానీ, తాము తెచ్చిన స్ట్రీమింగ్ పెట్టెను మాత్రం టీవీ వెనక వదిలేసి పోతారు. పాలకొల్లులో మా పెదనాన్నగారింట్లోనూ అదే జరిగింది. డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య తన చందాలన్నీ అందులో పెట్టి, “ఇక మీకు కేబుల్‌తో పని లేదు” అని చెప్పి విమానం ఎక్కాడు. వారం తిరగకుండానే తెర మీద “ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు” అన్న పలక ప్రత్యక్షమైంది. లైను చూడడానికి వచ్చిన కుర్రాడు “ఆయ్, నెట్టు బానే ఉందండి, పెట్టెకే ఏదో అయ్యిందండి” అని తేల్చేశాడు. నిజానికి పెట్టెకూ ఏమీ కాలేదు.

సినిమా వ్యాపారం తెలిసిన గోదావరి జిల్లాలవారికి ఈ అడ్డు సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక తెలుగు సినిమా హక్కులను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విడగొట్టి అమ్మడం మనకు ఎప్పటినుంచో అలవాటే కాబట్టి, ఈస్ట్ హక్కులు కొన్నవారు గోదావరి దాటి వచ్చి నరసాపురంలో బొమ్మ వేయడానికి వీల్లేదని అందరికీ తెలుసు. ఓటీటీ సంస్థలు ఏరియాలకు బదులు దేశాలను బట్టి హక్కులు కొనుక్కుంటాయి, అంతే తేడా. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో మన దేశంలో అడుగుపెట్టింది. వేరే దేశపు జాబితా చూడడానికి ప్రాక్సీలు, వీపీఎన్‌లు (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే దారులు) వాడేవారిని అడ్డుకుంటామని ప్రకటించినదీ ఆ నెలలోనే.

ఏ పెట్టె మేలు అని అడిగే ముందు ఆ అడ్డు ఎక్కడ ఉంటుందో చూసుకోవాలి. అది మూడు చోట్ల ఉంటుంది: మన ఇంటర్నెట్ లైనును గుర్తించే సంఖ్య అయిన ఐపీ అడ్రస్‌లో, ఖాతా తెరిచిన దేశంలో, ఆప్‌లు దించుకునే స్టోరులో. ఈ మూడింటిలో ఏదీ పెట్టె మీద ఆధారపడదు గనుక, అమెరికాలో కొన్నంత మాత్రాన ఏ పెట్టే అమెరికా కార్యక్రమాలను వెంట తీసుకురాలేదు. ఖాతా దేశం మార్చడమూ అంత తేలిక కాదు. గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. ఆపిల్ ఖాతాలో పైసా నిల్వ ఉన్నా, చందా నడుస్తున్నా మార్చనివ్వరు. చాలా అమెరికా సేవలు కార్డు చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ అడుగుతాయి, మన పిన్‌కోడ్‌కేమో ఆరు అంకెలు.

అయినా అమెరికా పెట్టెనే ఇక్కడ నడపాలనుకుంటే ముందున్నవి రెండు దారులు, ఒకటి స్మార్ట్ డీఎన్ఎస్, రెండోది వీపీఎన్. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ చెప్పే సేవ. స్మార్ట్ డీఎన్ఎస్ మన చోటు కనిపెట్టే ప్రశ్నలను మాత్రమే దారి మళ్లించి, బొమ్మను నేరుగా రానిస్తుంది. అందువల్ల వేగం తగ్గదు, టీవీలో ఏ ఆప్ వేయనక్కర్లేదు. కానీ అది దేన్నీ గుప్తంగా ఉంచదు, మన ఐపీ మారినప్పుడల్లా ఆ సంస్థకు తెలియజేయాలి, పైగా క్రోమ్‌కాస్ట్ వంటి పరికరాలు మనం రౌటర్‌లో రాసిన డీఎన్ఎస్‌ను పట్టించుకోకుండా గూగుల్‌వారి డీఎన్ఎస్ సర్వర్ 8.8.8.8నే అడుగుతాయి కాబట్టి, రౌటర్‌లో ఆ దారిని ప్రత్యేకంగా మూస్తే తప్ప పని జరగదు. డెబ్బయ్యేళ్లు దాటిన ఇద్దరు పెద్దలు మాత్రమే ఉండే ఇంట్లో ఇది కుదిరే వ్యవహారం కాదని నా అభిప్రాయం.

వీపీఎన్ పెట్టె రాకపోకలన్నిటినీ గుప్తమైన గొట్టంలో పెట్టి అమెరికాలో తేలుస్తుంది. అమెజాన్‌వారి ఫైర్ టీవీలలో ఆండ్రాయిడ్ పునాది మీద నడిచేవాటిలో వీపీఎన్ ఆప్ నేరుగా వేసుకోవచ్చు. ఆపిల్ టీవీ పెట్టెకు ఆ వీలు 2023లో వచ్చిన దాని సాఫ్ట్‌వేర్ టీవీఓఎస్ 17తో కలిగింది. అమెరికాలో వాడే రోకు పెట్టెలో అటువంటి ఆప్‌లకు చోటే లేదు గనుక దానికి వీపీఎన్ నడిచే రౌటర్ పెట్టుకోవాలి. అసలు చిక్కు మాత్రం ఇది కాదు. వీపీఎన్ అమ్మే సంస్థల ఐపీ అడ్రస్‌లు పెద్ద పెద్ద సర్వర్ కేంద్రాలవి. ఒకే అడ్రస్ నుంచి వందలమంది చూస్తుంటే ఓటీటీ సంస్థ ఇట్టే పసిగడుతుంది. ఈ రోజు పనిచేసిన సర్వర్ రేపు పనిచేయదు. ఏడాది చందా ఒకేసారి కట్టించుకున్న ఒక సంస్థ మా అన్నయ్యను వారానికో సర్వర్ మార్చుకోమని చెప్పింది గానీ డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

మూడో దారి కూడా ఉంది, నాకు ఆసక్తి కలిగించింది అదే. డల్లాస్‌లోని సొంత ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీదనో, అక్కడి ఆపిల్ టీవీ మీదనో టెయిల్‌స్కేల్ వంటి సొంత వీపీఎన్ ఆప్ నడిపి, ఆ ఇంటినే బయటికి పోయే ద్వారంగా పెట్టుకుంటే, పాలకొల్లులోని పెట్టె డల్లాస్ ఇంటి ఐపీతో కనిపిస్తుంది. ఆ ఐపీ ఒక మామూలు కాపురానిది గనుక సాధారణంగా నిషేధ జాబితాలో ఉండదు. ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది మన డౌన్‌లోడ్ కాదు, అక్కడి ఇంటి అప్‌లోడ్. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ కావాలి. అమెరికాలోని కేబుల్ లైన్లలో డౌన్‌లోడ్ వందల్లో ఉన్నా అప్‌లోడ్ చాలా తక్కువగా ఉండడం మామూలు. ఫుల్ హెచ్‌డీకి అదీ సరిపోతుంది. అన్నయ్య పోయిన పండుగకు ఒక చిన్న ట్రావెల్ రౌటర్ తెచ్చి ఇలాగే కలిపాడు; ఉన్న మూడు వారాలూ ఇబ్బంది లేకుండా నడిచింది. ఆయన వెళ్లాక గాలివాన వచ్చి రాత్రంతా కరెంటు పోయింది. రౌటర్ మళ్లీ లేచింది గానీ గొట్టం లేవలేదు, దాన్ని లేపడానికి అన్నయ్యకు అక్కడ అర్ధరాత్రి ఫోన్ చేయాల్సి వచ్చింది. డెల్టాలో తుపాను కాలంలో ఇది ఒకసారితో పోయేది కాదు.

చట్టం విషయానికొస్తే, మన దేశంలో వీపీఎన్ వాడడమే నేరమని ఏ చట్టమూ చెప్పదు. అయితే ప్రాంతపు అడ్డును దాటడం ఓటీటీ సంస్థల షరతులకు విరుద్ధం, ఖాతా ఆపేసే హక్కు వాటికి ఉంటుంది. పైగా ఒకే ఖాతాను రెండు ఇళ్లలో వాడడాన్ని నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 2023 జులై నుంచి అడ్డుకుంటోంది. ఎదురు దిశలో, అంటే డల్లాస్‌లో కూర్చుని ఇక్కడి కార్యక్రమాలు చూడాలనుకునేవారికి ఇంకో సంగతి: వాడుకరుల వివరాలను అయిదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించాక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ తమ సర్వర్లను మన దేశం నుంచి తీసేశాయి.

ఇక ఇక్కడే కొన్న పెట్టె. ఫైర్ టీవీ స్టిక్ మన దేశంలో 2017 నుంచి దొరుకుతోంది, గూగుల్ టీవీ పెట్టెలూ ఉన్నాయి. ఇక్కడి ఖాతాతో తెరిస్తే ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జియో హాట్‌స్టార్ ఎవరినీ బతిమాలకుండా వస్తాయి. దొడ్డమ్మ చూసే సీరియళ్లు, పెదనాన్న చూసే క్రికెట్, వార్తలు ఆ అమెరికా ఖాతాలో ఎప్పుడూ లేవన్న సంగతి ఇంత హంగామా జరిగాక గానీ మాకెవరికీ తట్టలేదు. అమెరికాలో కొన్న ఫైర్ టీవీనే ఉంటే దాన్ని పారేయనక్కర్లేదు. పాత ఖాతా తీసి ఇక్కడి అమెజాన్ ఖాతాతో నమోదు చేస్తే చాలావరకు సరిపోతుంది. అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు.

చానళ్లతోనే తృప్తిపడే ఇంటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ పెట్టె చాలు. 2017 డిసెంబరు 27న ఆ పథకాన్ని అప్పటి రాష్ట్రపతి ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల పల్లెల దాకా పోగలిగింది, గాలికి తెగడమూ అందువల్లే.

“అన్నీ ఉచితం” అని అమ్మే పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెను మాత్రం నేను ఈ పోటీలోకే రానివ్వను. వాటికి సాధారణంగా వైడ్‌వైన్ ఎల్1 అనుమతి (హెచ్‌డీ బొమ్మను కాపీ కాకుండా కాపాడే గూగుల్‌వారి తాళం) ఉండదు కాబట్టి 4కే టీవీకి తగిలించినా పెద్ద ఓటీటీల బొమ్మ మసకగానే వస్తుంది. టీ95 అన్న పేరుతో అమ్మిన పెట్టెలో ముందే దూర్చిన మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 2023లో బయటపడింది. ఇటువంటి పెట్టెల గుంపును దొంగపనులకు వాడుకుంటున్న బ్యాడ్‌బాక్స్ 2.0 అనే నేరగాళ్ల నెట్‌వర్క్ గురించి 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఆ పెట్టె కలిసే వైఫైలోనే పెదనాన్న పింఛను ఖాతా తెరిచే ఫోనూ ఉంటుంది.

ఏడాది పొడవునా పెద్దవాళ్లే ఉండే ఇంటికి నా ఓటు ఇక్కడి పెట్టెకు, ఇక్కడి చందాకే. పిల్లలు వచ్చి నెలా రెండు నెలలు ఉండి, ఇక్కడినుంచే పనిచేసుకుంటూ తమ అమెరికా చందాలు చూసుకోవాలంటే, షరతుల సంగతి తెలుసుకున్నవారికి సొంత ఇంటి గొట్టం కొన్న వీపీఎన్ కంటే నయం. పెదనాన్నగారి టీవీకి ఇప్పుడు మొదటి హెచ్‌డీఎంఐలో ఇక్కడి స్టిక్, రెండోదానిలో అమెరికా పెట్టె ఉన్నాయి. ఆ రెండోదాని అడాప్టర్, ట్రావెల్ రౌటర్ దొడ్డమ్మ బీరువాలో ఉంటాయి, భోగి ముందురోజు బయటికి తీస్తారు.