కీఠం ఎలుగుబంట్ల ఆశ్రయం: సేవకు వెళ్ళదలచినవారికి

ఆగ్రా వెళ్ళే తెలుగువారిలో చాలామంది తాజ్‌మహల్, కోట, ఫతేపూర్ సిక్రీ చూసుకుని మథుర, బృందావనాలకు బయలుదేరుతారు. ఆ దారిలోనే, ఢిల్లీ రహదారికి దగ్గరలో, సూర్ సరోవర్ పక్షుల అభయారణ్యం ఉంది. అందులోని కీఠం చెరువుకు సమీపంలో, ఒకప్పుడు వీధుల్లో ఆడించిన ఎలుగుబంట్లను తెచ్చి సాకే కేంద్రం ఒకటి నడుస్తోంది. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ ఉత్తరప్రదేశ్ అటవీశాఖ సహకారంతో 1999లో దీనిని నెలకొల్పింది. ముందుగా సమయం తీసుకుని రెండు గంటలపాటు చూసి వెళ్ళేవారు కొందరైతే, రుసుము చెల్లించి కొన్నాళ్ళు ఉండి పనిచేసేవారు మరికొందరు. మేము రెండవ కోవలో వెళ్ళాము. బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్ట ఎలుగుల కేంద్రం, హోస్పేట దగ్గరి దరోజీ ఎలుగుల అభయారణ్యం కూడా లోగడ చూసి ఉన్నందువల్ల, ఎవరికి ఏది అనుకూలమో పోల్చి చెప్పడానికి ఈ వివరాలు రాస్తున్నాను.

నడివయసు దాటిన తెలుగువారికి ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు గుర్తుండే ఉంటారు. వారు ముకుతాడు పట్టుకుని ఊళ్ళోకి వచ్చేవారు. జడుసుకున్న పిల్లలను దాని వీపు మీద ఎక్కించి దించేవారు. దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి కట్టుకుంటే భయం పోతుందని జనం నమ్మేవారు. ఆ ముకుతాడు వెనుక ఉన్న సంగతిని ఆ రోజుల్లో అడిగినవారు తక్కువ. ఈ జాతి ఎలుగు (స్లాత్ బేర్) తన పిల్లలను వీపున మోసుకుని తిరుగుతుంది కనుక, పిల్లను పట్టుకోవాలంటే చాలాసార్లు తల్లిని చంపవలసిందే. అలా పట్టిన పిల్ల మూతిని పసితనంలోనే కాల్చిన ఇనుప సూదితో గుచ్చి తాడు దూర్చేవారు, కోరలు ఊడగొట్టేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారమే ఇది నేరం. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలకు ప్రదర్శనల కోసం శిక్షణ ఇవ్వరాదని 1998లో కేంద్ర ప్రభుత్వం మరొక ఉత్తర్వు కూడా వెలువరించింది. అయినా ఆట ఆగలేదు, ఎందుకంటే తరతరాలుగా ఇదే వృత్తిగా బతికిన కలందర్లకు మరొక జీవనాధారం లేదు. జంతువును స్వాధీనం చేసుకుని మనిషిని జైలుకు పంపడంతో ఊరుకోకుండా, ఎలుగును అప్పగించిన కుటుంబానికి చిన్న వ్యాపారానికి కావలసిన మూలధనం, పిల్లలకు చదువు, ఆడవారికి చేతిపని చూపించడం వల్లనే ఈ ప్రయత్నం ఫలించిందని నా అభిప్రాయం. 2002 డిసెంబరులో తొలి ఎలుగు ఆగ్రా కేంద్రానికి చేరింది. 2009 డిసెంబరులో కర్ణాటకలో చివరిది విడుదలయింది. మొత్తం 628 ఎలుగుబంట్లు అలా ముకుతాళ్ళ నుంచి బయటపడ్డాయి.

ప్రయాణం కష్టమైనది కాదు. హైదరాబాదు నుంచి వచ్చే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖపట్నం నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ రెండూ ఆగ్రా కంటోన్మెంటులో ఆగుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు వల్ల రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి కాబట్టి, చేరిన రోజునే పనిలోకి దిగేటట్టు ఏర్పాటు చేసుకోకపోవడం మంచిది. మే, జూన్ నెలల్లో అక్కడి ఎండ మన రెంటచింతలను, రామగుండాన్ని మరపిస్తుంది. అక్టోబరు చివరి నుంచి నవంబరు వరకు, మళ్ళీ ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య వరకు పనిచేయడానికి అనువైన కాలం.

బస విషయంలో తొందరపడవద్దు. తాజ్‌గంజ్, ఫతేబాద్ రోడ్డు వైపు లాడ్జీలు కోకొల్లలుగా ఉన్నాయి గాని, అక్కడినుంచి కీఠం వెళ్ళాలంటే ఉదయం వేళ నగరమంతా దాటాలి; పైగా మేము తొలుత దిగిన ఒక హోటలు వారు పెందలాడే ఫలహారం పెడతామని చెప్పి, బయలుదేరే వేళకు వంటగది తలుపులే తెరవలేదు. అక్బరు సమాధి ఉన్న సికంద్రా ప్రాంతం ఢిల్లీ రహదారి మీదనే ఉంటుంది కనుక, సొంతంగా బస చూసుకునేవారికి అదే నయం. సేవకు నమోదు చేసుకున్నవారికి వసతి, శాకాహార భోజనం, రాకపోకలకు వాహనం రుసుములోనే కలిసి ఉంటాయి. గదులు సాదాసీదాగా, శుభ్రంగా ఉన్నాయి. రొట్టె, పప్పు, కూర ప్రతిపూటా ఉంటాయి. అన్నం ఉన్నా అది పళ్ళెంలో ఒక మూలకే పరిమితం. సాటి సేవకుల్లో విదేశీయులు ఎక్కువగా, మనవారు తక్కువగా కనిపించడం కొంత ఆశ్చర్యం కలిగించింది.

ఇక పని. ఎలుగుబంట్ల మధ్య గడపబోతున్నామని ఉత్సాహపడి వచ్చేవారికి మొదట చేతికి వచ్చేది చీపురు, ఆ తరువాత కత్తిపీట. ఉదయం వంటశాలలో పెద్ద పెద్ద గిన్నెలలో ధాన్యాల జావ కాస్తారు. పెళ్ళివారి గాడిపొయ్యి దగ్గర ఉండేంత సందడి అక్కడ ఉంటుంది. దానిని చల్లార్చి, తేనె కలిపి, ఒక్కొక్క ఎలుగుకు విడివిడిగా కొలిచి పోస్తారు. మందులు వాడవలసిన వాటి గిన్నెలు వేరుగా ఉంటాయి. పళ్ళు ఊడిపోయిన ముసలి ఎలుగులకు జావే ప్రధానాహారం. మధ్యాహ్నానికి పుచ్చకాయలు, బొప్పాయిలు, ఖర్జూరాలు ముక్కలు చేసి సిద్ధం చేయాలి. ఎలుగులు బయటి ఆవరణలోకి వెళ్ళిన తరువాత, సంరక్షకులు మధ్య తలుపులకు తాళాలు వేసి, రెండవసారి లాగి చూసి, అప్పుడు మాత్రమే మమ్మల్ని లోపలి గదులు కడగనిచ్చేవారు. ఆ గదుల వాసనకు అలవాటు పడడానికి కొంత సమయం పడుతుంది.

నాకు అన్నిటికంటె నచ్చిన పని వాటి కాలక్షేపానికి వస్తువులు తయారు చేయడం. ఎలుగు అడవిలో రోజులో చాలా భాగం పుట్టలు తవ్వడంలో, చెదలు పీల్చడంలో, తేనెపట్టుల కోసం చెట్లెక్కడంలో గడుపుతుంది. దానికి పై దవడలో ముందరి రెండు పళ్ళు పుట్టుకతోనే ఉండవు. ముక్కుపుటాలను మూసుకుని, పెదవులను గొట్టంలా చాచి, ఆ సందులో నుంచి చెదపురుగులను బలంగా లోపలికి పీల్చుకుంటుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఇలాంటి జంతువుకు గిన్నెలో ఆహారం పెట్టి వదిలేస్తే కడుపు నిండుతుంది గాని మిగిలిన పొద్దు గడవదు. అందువల్ల దుంగలకు రంధ్రాలు చేసి వాటిలో తేనె నింపడం, పళ్ళను మట్టిలో పాతిపెట్టడం, మంచెలకు ఊయలలు కట్టడం వంటి పనులు సేవకులకు అప్పగిస్తారు. మేము పొద్దంతా తంటాలు పడి సిద్ధం చేసిన దుంగను ఒక ఆడ ఎలుగు ఎంతసేపు విడిచిపెట్టలేదంటే, భల్లూకపు పట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదనిపించింది. దాని పక్క ఆవరణలో ఉన్నది మాత్రం దుంగ వైపు చూడలేదు; ఒకే చోట నిలబడి తల అటూ ఇటూ ఊపుతూనే ఉంది. ఆట మానిపించి ఏళ్ళు గడిచినా కొన్నిటిలో ఆ ఊగుడు పూర్తిగా పోదట. మూతి మీది మచ్చలు, పోయిన చూపు కూడా అంతే. మనుషుల మధ్య పెరిగినందువల్ల సోకిన క్షయ ఇలాంటి ఎలుగుల్లో తరచు కనిపించే జబ్బు.

ఇక్కడ కచ్చితంగా పాటించే నియమం ఒకటి ఉంది: సేవకులెవరూ ఎలుగును తాకరాదు, చేతితో తినిపించరాదు, కంచెకు నిర్ణీత దూరంలోనే ఉండాలి. మాతో ఉన్న ఒక యువకుడు ఇంత డబ్బు కట్టి ఇంత దూరం వచ్చింది కంచె అవతలి నుంచి చూడడానికా అని విసుక్కున్నాడు. నేను మాత్రం ఏ ఆశ్రయాన్నైనా తూచడానికి ఈ నియమాన్నే తూనికరాయిగా పెట్టుకుంటాను. పళ్ళు లేకపోయినా గోళ్ళు ఉన్నాయి; క్షయ మనిషి నుంచి జంతువుకు, జంతువు నుంచి మనిషికి పాకగలదు; అన్నిటినీ మించి, జీవితమంతా మనిషి చేతిలో తాడుతో బతికిన జంతువుకు మనిషి చేయి దగ్గరకు రాకపోవడమే ఒక సౌకర్యం. విదేశాల్లో కొన్నిచోట్ల పిల్ల ఎలుగులను ఒడిలో పెట్టుకుని ఫొటోలు దిగనిచ్చే స్థలాలు కూడా ఆశ్రయాలమనే చెప్పుకుంటాయి. అక్కడికి ఏటేటా కొత్త పిల్లలు ఎక్కడినుంచి వస్తున్నాయని అడిగితే చాలు, ఆ స్థలం స్వభావం బయటపడుతుంది. ఐరోపాలో ఉండే మనవారు రుమేనియాలోని జర్నెష్ట్ దగ్గరి లిబర్టీ ఆశ్రయాన్ని చూడవచ్చు. బోనుల నుంచి, సర్కసుల నుంచి విడిపించిన గోధుమరంగు ఎలుగులు అక్కడ విశాలమైన ఓక్ అడవిలో తిరుగుతాయి, సందర్శకులు గైడు వెంట కంచె బయటి నుంచే చూస్తారు.

ఆగ్రా దూరమనుకునేవారికి బన్నేరుఘట్ట ఉంది. బెంగళూరుకు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో, జంతు ఉద్యానవనం పరిధిలోనే 2005 నుంచి ఇదే సంస్థ అక్కడ ఎలుగుల కేంద్రాన్ని నడుపుతోంది. చివరి ఆట ఎలుగు చేరింది ఇక్కడికే. బెంగళూరు ప్రధాన బస్‌స్టాండు మెజెస్టిక్ నుంచి 365 నంబరు సిటీ బస్సు ఉద్యానవనం దాకా వెళుతుంది, మంగళవారం సెలవు. వాతావరణం ఆగ్రా కంటె ఎంతో మేలు, రాళ్ళగుట్టలు, పొదలు ఎలుగుకు సహజమైన నేల. అయితే మామూలు సందర్శకులు సఫారీ బస్సు కిటికీలోంచి ఎలుగులను చూడగలరు గాని, కేంద్రం లోపలి పనిని చూడాలంటే ముందస్తు అనుమతి ఉండాలి. సెలవు రోజుల్లో ఆ బస్సులోని గోలకు ఎలుగు కంటె ముందు మనమే పొదల్లోకి పోదామనిపిస్తుంది. పిల్లలతో ఒక పూట చూసి రావడానికి అది సరిపోతుంది. పని నేర్చుకోదలచినవారికి ఆగ్రాయే తగినది.

అడవి ఎలుగును చూడాలన్న కోరిక ఉంటే ఈ రెండూ కాదు, దరోజీకి వెళ్ళాలి. 1994లో ఏర్పడిన ఈ అభయారణ్యం హంపీకి దగ్గరలో ఉంది. అనంతపురం, కర్నూలు వారికి సులువైన ప్రయాణం. మధ్యాహ్నం అటవీ సిబ్బంది బండరాళ్ళ మీద బెల్లంపాకం పూసి వస్తారు, ఎదుటి గుట్టమీది మంచె నుంచి మనం చూస్తాం, సాయంత్రానికి ఎలుగులు దిగి వస్తాయి. ఈ తీపి ఎర మీద నాకు కొంత అభ్యంతరం ఉన్నా, ముకుతాడు మచ్చ లేని ఎలుగు మూతిని చూసింది అక్కడే. బైనాక్యులర్ లేకుండా వెళితే నల్లని చుక్కలే కనిపిస్తాయి.

పని చేస్తూ డబ్బు కూడా కట్టాలా అని బంధువులు అడిగారు. ఎలుగు సంరక్షణలో ముప్ఫై ఏళ్ళ దాకా బతకగలదు. పసితనంలో అడవికి దూరమై, కోరలు పోగొట్టుకున్న దానిని తిరిగి అడవిలో వదలడం సాధ్యం కాదు. విడిపించిన వార్త ఒక్కరోజు పత్రికలో వస్తుంది, జావ మాత్రం దాని జీవితాంతం కాయాలి. ఆ లెక్కన రుసుము నాకు ఎక్కువనిపించలేదు. కాని నడుము నొప్పి ఉన్నవారు, ఎండకు తాళలేనివారు, పదేళ్ళలోపు పిల్లలు ఉన్నవారు సేవకు నమోదు చేసుకోకుండా రెండు గంటల సందర్శనతో సరిపెట్టుకోవడమే మంచిది. అప్పుడైనా నడి మధ్యాహ్నం వద్దు; ఆ వేళ అవి నిద్రపోతుంటాయి. ఉదయపు సందర్శన తీసుకుంటే ఎలుగులు మెలకువగా ఉంటాయి, శీతకాలమైతే కీఠం చెరువు మీద గూడబాతులను కూడా చూసుకుని మధ్యాహ్నానికి మథుర చేరవచ్చు.