టీనేజ్ పిల్లలతో అలిపిరి మెట్లదారి: ఒక తిరుపతి ఇంటి రివ్యూ

ఇంట్లో ఒక ఇంటరు, ఒక తొమ్మిదో క్లాసు ఉంటే ఆదివారం యాడికి పోదామన్నా ఇద్దరూ ఒకమాట మీదికి రారు. మా ఇద్దరూ పేచీ లేకుండా లేచి బయల్దేరేది అలిపిరి మెట్లకే. భక్తి సంగతి అందరికీ తెలిసిందే, అందుకని ఎదిగే పిల్లలున్న ఇంటికి ఈ దారి ఎట్లుంటుందో అంతవరకే రాస్తా ఉన్నా.

ఈ వయసులో వాళ్ళకి అమ్మానాయన పక్కన నడవడం ఇష్టముండదు, మనకేమో కంటికి కనపడకుండా పంపాలంటే భయం. ఇక్కడ ఆ గొడవ రాదు. 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు, పట్టుకుని పోతే ఒకటే దారి, చాలావరకు పైన కప్పు ఉంటుంది, ముందూ వెనకా గోవిందా గోవిందా అంటా జనం. "గాలిగోపురం కాడ ఆగండి, మేమొచ్చేదాకా కదలొద్దు" అని చెప్పి వదిలేస్తాం. అక్కాతమ్ముడు ఇంట్లో చార్జర్ కోసం కొట్టుకునేవాళ్ళు ఇక్కడ జంటగా ఎక్కిపోతారు, మేం ఆయాసపడతా పోయేసరికి మెట్టు మీద కూర్చుని ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు తింటా ఉంటారు. మా పాప "నిదానంగా రా మా, తొందరేం లేదు" అంటాది. ఆ మాట వింటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

గాలిగోపురం దాకానే కష్టం, బాగా నిటారుగా ఉంటుంది. తర్వాత చాలాదూరం చదునుగా పోతుంది, జింకల పార్కు వస్తుంది, అక్కడ్నుంచి నలుగురం కలిసి నడుస్తాం. మాటలు వచ్చేది కూడా అక్కడే, కాలేజీలో ఎవరు ఏమన్నారు, ఏ సబ్జెక్టు ఎక్కడంలేదు, అడక్కుండానే చెప్తారు. చివర్లో మోకాళ్ళ పర్వతం మళ్ళీ నిటారు. రామానుజులవారు దీన్ని మోకాళ్ళమీద ఎక్కారంటారు. అన్నమయ్య చిన్నవయసులో ఇంట్లో చెప్పకుండా కొండకొచ్చి ఇక్కడే అలసి పడుకుంటే, అలమేలుమంగమ్మ కనపడి చెప్పులు తీసి ఎక్కమందని, ప్రసాదం పెట్టిందని కథ. మా అబ్బోడు ఇది విని "ఇంట్లో తిట్టినారా ఆయన్ని?" అనడిగినాడు, గడ్డి కోసుకురమ్మని పంపితే వేలు తెగిందంట అని చెప్తే చానాసేపు అదే మాట్లాడినాడు.

సౌకర్యాలకొస్తే నాకు బాగా నచ్చింది సామాను సర్వీసు. అలిపిరిలో బ్యాగులు ఇచ్చి రసీదు తీసుకుంటే తిరుమలలో తీసుకోవచ్చు, ఫ్రీ. చెప్పులు కూడా బ్యాగులోనే పెట్టేస్తాం. తాగే నీళ్ళు, బాత్రూములు దారిలో ఉన్నాయి, ఆడపిల్లల్ని తీసుకుపోయేవాళ్ళకి ఇది పెద్ద ధైర్యం. అంగళ్ళలో కొన్నిచోట్ల రేట్లు ఎక్కువ, రేటు అడిగి తీసుకోండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తా. 2023 ఆగస్టులో ఈ దారిలో చిరుత దాడిలో ఒక చిన్నపాప చనిపోయింది, తల్చుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ తర్వాత మధ్యాహ్నం 2 దాటితే పిల్లల్ని నడకదారిలోకి పంపకుండా టీటీడీ రూల్ పెట్టింది, వయసు టైము మారతా ఉంటాయి కాబట్టి వచ్చేముందు కనుక్కోండి. మేం తెల్లారేసరికి మొదలుపెడతాం, ముందు వదిలినా ఇద్దర్నీ కలిపే, అదీ జనం ఉన్నప్పుడే, గాలిగోపురం వరకే. అది దాటినాక ఎంత బతిమాలినా వదలను. చిన్నపిల్లలైతే చెయ్యి వదలొద్దు.

పైకి పోయినాక వెంగమాంబ అన్నప్రసాదంలో భోజనం ఫ్రీ. ఇంట్లో సాంబారు చూసి మొహం తిప్పుకునేవాళ్ళు అక్కడ మారు అడిగి వేయించుకుంటారు. దిగేటప్పుడు బస్సే మేలు, మెట్లు దిగితే మాలాంటి వాళ్ళకి మర్నాడు మోకాళ్ళు పనిచెయ్యవు.